కెటిల్ పెడుతున్నా!

తెల్లారిందంటే ఆ ఇంట్లో ముందు కూసేది ఫింటన్.

"కెటిల్ పెడుతున్నా!" అని వంటగదిలోంచి ఆయన ఒక్క కేక వేస్తే క్లోన్‌మెల్ ఊళ్ళో సగంమంది లేచి తమ కెటిల్ పెట్టుకునేవాళ్ళు. మేడమీద ఆయన కూతురు గ్రాన్యా హెయిర్ డ్రయ్యర్ కట్టేసి, "పెట్టుకో!" అని తిరిగి కేకేయాలి. కట్టేయకపోతే ఢప్పుమని ఇల్లంతా చీకటి. వంటగదిలో కరెంటు కెటిలూ, మేడమీది గదులూ ఒకే ఫ్యూజు మీద కాపరం చేస్తున్నాయి మరి. ఫ్యూజు కాలినప్పుడల్లా ఫింటన్ మెట్లకింద అరలోకి దూరి, తీగ ముక్క చుట్టి, యుద్ధం గెలిచినవాడిలా బయటికొచ్చేవాడు.

ఆ రెండు కేకలు తప్ప తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు.

గ్రాన్యా తల్లి డింఫ్నా పోయి రెండేళ్ళు. జబ్బు ముదిరిందని తెలిసినా, కూతురి పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని ఆవిడ మొగుడిచేత ఒట్టు వేయించుకుంది. ఆయన ఆ ఒట్టుని పట్టుకు వేలాడాడు. గ్రాన్యా డబ్లిన్ నుంచి పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ శవపెట్టెలో ఉంది. అంత్యక్రియలకొచ్చిన ఊరంతా హాల్లో నిలబడి హామ్ సాండ్‌విచ్‌లు తింటుంటే, "మా అమ్మని ప్రాణంతో ఉండగా చివరిసారి చూడనివ్వలేదు నువ్వు" అంది తండ్రితో. ఆయన టీకప్పు కిందపెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అక్కడితో సరి.

తర్వాత ఆమెకి ఉద్యోగం ఆ ఊళ్ళోనే వచ్చింది. ఐర్లండ్‌లో మొగుడైనా దొరుకుతాడుగానీ అద్దె ఇల్లు దొరకదు. గతిలేక ఆ ఇంట్లోనే దిగింది.

ఈమధ్యే వంటగది గోడ కొట్టించి, కరెంటు పొయ్యి పెట్టించాలని పట్టుబట్టింది. ఒక ఉదయం ఎలక్ట్రీషియన్ మాసీ వచ్చి మెట్లకింద అర తెరిచాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు.

"పెద్దాయనా, సెయింట్ పాట్రిక్ ఈ దేశంలో పాములన్నిటినీ సముద్రంలోకి తరిమేశాడంటారే, అబద్ధం. అన్నీ మీ ఫ్యూజుపెట్టెలో ఉన్నాయి."

"ఉంటే ఉండనీ. ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ కరవలేదు."

"కొత్త పొయ్యి పెడితే కరుస్తాయి. ముందు పెట్టె మార్చాలి, తర్వాత గోడలో వైర్లు, ఆ తర్వాతే గోడకి పలకలూ రంగులూ. వరస తప్పితే అంటించిన పలకలు మీరే పగలగొట్టుకోవాలి."

"పెట్టె జోలికెళ్ళొద్దని ఆవిడకి చెప్పు మాసీ," అన్నాడు ఫింటన్. 'ఆవిడ' ఆయన మోచేతి పక్కనే ఉంది.

"మార్చకపోతే ఏదో ఒకరోజు అందరం మాడి మసైపోతామని ఆయనకి చెప్పు మాసీ."

అటూ ఇటూ తిప్పీ తిప్పీ మాసీ మెడ మరలు వదులయ్యాయి. "నేను వ్యాన్లోంచి టెస్టర్ తెచ్చుకుంటా," అని జారుకున్నాడు. టెస్టర్ అతని చేతిలోనే ఉంది.

మధ్యవర్తి పోయేసరికి గ్రాన్యాకి తిన్నగా అనక తప్పలేదు. "నాన్నా, అమ్మ చచ్చిపోతోందన్న సంగతి కూడా నువ్వు చెప్పాలనుకుంటేనే నాకు తెలియాలి. ఇప్పుడు నేను తల ఆరబెట్టుకోవాలన్నా నీ దయ ఉండాలా?"

ఫింటన్ ఆ పాతపెట్టె మీద చెయ్యి వేశాడు, ముసలి గేదెని నిమిరినట్టు.

"అన్నీ ఒకేసారి వెలిగితే ఇంక ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. అదేగా నీక్కావాల్సింది?"

"అవును. అదే!"

ఆయన ముఖం పాలిపోయింది. "అయితే మార్పించుకో," అని పెరట్లోకి నడిచాడు.

తెల్లగా, పళ్ళడాక్టరు నవ్వులాంటి కొత్త పెట్టె వచ్చింది. దేనికి దాని స్విచ్చు. మర్నాడు గ్రాన్యా డ్రయ్యర్ వేసుకుని అలవాటుగా చెవి అటే పెట్టింది. కేక రాలేదు. కిందికొచ్చేసరికి ఆయన కప్పు కడిగి బోర్లించి ఉంది. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఇంట్లో గోడగడియారం కూడా గొంతు తగ్గించుకుని కొట్టుకుంటోంది.

ఒకరోజు చెప్పుల్లేకుండా మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయింది. ఫింటన్ కెటిల్ ముందు నిలబడి ఉన్నాడు. వేలు స్విచ్చు మీద ఉంది. తల మేడవైపు ఎత్తాడు. నోరు తెరిచాడు. మూశాడు. చప్పుడు కాకుండా స్విచ్చు నొక్కి, కిటికీవైపు తిరిగిపోయాడు.

గ్రాన్యాకి అప్పుడు తెలిసింది. ఆయన కాపలా కాసింది ఫ్యూజులకి కాదు, రోజుకి రెండు కేకలకి. ఉన్నవి ఆ రెండే. వాటినీ తనే మనిషిని పెట్టి పీకించేసింది.

ఆమె వెనక్కెళ్ళి, మేడ రెయిలింగు మీంచి వంగి, "డ్రయ్యర్ పెడుతున్నా!" అని అరిచింది.

కింద ఏదో కప్పు సాసరుకి తగిలి టింగుమంది.

"ఆగు!" గొంతు బొంగురుగా వచ్చింది. "నీళ్ళు మరగలేదింకా!"

ఆగాల్సిన పని లేదు. ఆ కొత్త పెట్టె ఒకేసారి టిప్పరరీ జిల్లా మొత్తానికి టీ కాచగలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గ్రాన్యా ఆగింది. తడిజుట్టుతో మెట్టుమీద కూర్చుంది. ఒట్టు సంగతి ఆమె ఇంకా క్షమించలేదు. బహుశా ఎప్పటికీ క్షమించదు. నీళ్ళు మాత్రం మెడమీదుగా, చెంపలమీదుగా కారుతూనే ఉన్నాయి. అన్నీ జుట్టువి కావు.

భూమ్మీద ఏ కెటిలూ మరగనంతసేపు మరిగింది ఆ కెటిల్.

"ఇంక పెట్టుకో!" అన్నాడు ఫింటన్ చివరికి. కాస్త ఆగి, "రెండు కప్పులు పోశా," అన్నాడు.

ఆమె తల ఆరబెట్టుకోకుండానే కిందికి దిగింది.