పదకొండు ఉదయాలు

గడియారం ఏడు కొట్టగానే ఎకార్ట్ నడవాలోకి వచ్చి, గోడకున్న బారోమీటరు అద్దాన్ని వేలితో రెండుసార్లు తట్టాడు. ముల్లు కుదురుకున్నాక అంకె చూసి నల్ల అట్ట పుస్తకంలో రాసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్కరోజు కూడా తప్పని పని అది. ఆయన ఊళ్లో లేకపోతే భార్య గెజీనె చూసి రాయాలి. ఆ ఇంట్లో పెళ్లిరోజు మరిచిపోయిన సందర్భాలున్నాయి కానీ గాలి పీడనాన్ని మరిచిపోయిన రోజు లేదు. పుస్తకంలో తేదీకి ఒక గడి, అంకెకి ఒక గడి, చివర ‘వివరం’ అని మరో గడి. ఆ చివరి గడి మొదటినుంచీ ఖాళీయే. అంకె ఉండగా ఇంకా వివరమెందుకు అంటాడాయన.

వంటింట్లో గెజీనె నల్ల కాగితానికి జిగురు పూస్తోంది. శుక్రవారం కూతురు ఆల్ముట్ సమాజశాస్త్రంలో డాక్టరేటు పరీక్ష. శాస్త్రవేత్తలు ఎలా పనిచేస్తారో తండ్రి ప్రయోగశాలలోనే ఏడాది కూర్చుని చూసి సిద్ధాంతగ్రంథం రాసింది. గట్టెక్కితే ఈ అట్ట టోపీ పెట్టుకుని, బండెక్కి, ఊరి మధ్య ఫౌంటెన్‌లో నిలబడ్డ పిల్ల విగ్రహానికి ముద్దు పెట్టాలి. జర్మనీలో ఈ గోటింగెన్ ఊళ్లో డాక్టరేటు వచ్చినవాళ్లకి అదొక ముచ్చట. ఆ ముచ్చట తీరనిచ్చేలా లేడు తండ్రి.

ఆయన వచ్చి రొట్టెల బుట్ట పక్కన ఒక కవరు పెట్టాడు. స్టాంపు అంటించే ఉంది.

“ఏమిటది?” అంది బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ఆల్ముట్.

“మీ డీన్‌కి ఉత్తరం. నువ్వు రాసింది శాస్త్రం కాదని, నా ప్రయోగశాలలో ఏడాది కూర్చుని మా నమ్మకాన్ని వమ్ము చేశావని రాశాను. తొమ్మిదింటికి పోస్టులో వేస్తాను.”

ఆల్ముట్ కాఫీ కప్పు కింద పెట్టేసింది. భౌతికశాస్త్రంలో అంత పేరున్న ప్రొఫెసరు ఫిర్యాదు చేస్తే పరీక్ష ఆగిపోతుంది. ఆరేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే.

“నేనేం తప్పు రాశానో చెప్పు నాన్నా.”

“నాలుగో అధ్యాయం! ‘ఒక పెద్ద శాస్త్రవేత్త నచ్చని అంకెని కొట్టేసి, ఇవాళ యంత్రానికి ఒంట్లో బాగాలేదన్నాడు.’ ఎవరా పెద్దమనిషి? నేనేగా! కన్నకూతురే నన్ను దొంగని చేసింది.”

“ఆ పేజీ ఒక్కటే చదివావా? తర్వాతి పేజీలో ఏముందో చూశావా? యంత్రం ఎప్పుడు అబద్ధమాడుతుందో నలభై ఏళ్ల అనుభవంతో నీకు తెలుస్తుందని, నీ మాట మీద అందరికీ గురి ఉందని, ఆ గురి లేకపోతే కొలతే లేదని రాశాను.”

“గురీ గాడిదగుడ్డూనూ! రాయి పడితే ఎందుకు పడిందో నేను చెప్పగలను. నువ్వు మనుషుల దగ్గర కూర్చుని కబుర్లు రాసుకుంటావు. వాళ్లు నోటికొచ్చింది చెబుతారు. అది శాస్త్రమా?”

“రాయి ఎందుకు పడిందో రాయికి తెలియక్కర్లేదు. మనిషి చేసిన పని అలా కాదు. అది ఆ మనిషికి ఏమిటో తెలియకుండా నువ్వెంత కొలిచినా నీకేం అర్థమవుతుంది?”

“ఆ మనిషికే తెలియకపోతే?”

“అందుకే ఏడాది కూర్చున్నాను!”

“కూర్చుని నా పరువు తీశావు.” ఆయన కవరు అందుకుని లేచాడు. “నడవాలో ఉన్న పుస్తకం చూడు. అదీ శాస్త్రమంటే. మనిషి ఇష్టాయిష్టాలు అంటని అంకెలు.”

గెజీనె జిగురు కుంచె పక్కన పడేసింది. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత కటువుగా వినిపించింది.

“పందొమ్మిది వందల యాభై ఏడు, నవంబరు. ఆ పుస్తకం తీసుకురా.”

“ఇప్పుడెందుకు?”

“తెమ్మన్నాను!”

ఆయన మొహం చిట్లించుకుని తెచ్చి తెరిచాడు. ఐదో తేదీ నుంచి పదిహేను వరకు అంకెలు ఒకదానికొకటి మహా దగ్గరగా ఉన్నాయి. ఆ పేజీ చూస్తే ఆయనకి గర్వం. ‘నవంబరు నిశ్చలత’ అని దానిమీద ఊళ్లో వాతావరణ సంఘం పత్రికకి వ్యాసం కూడా రాశాడు. పక్క ఊరి అంకెలు కలవకపోతే, వాళ్ల పరికరం చెడిపోయిందని తేల్చేశాడు.

“నీ నిశ్చలత నేనే,” అంది గెజీనె. “నువ్వు స్టాక్‌హోంలో ఉన్నావు. నీ మొదటి పెద్ద ఉపన్యాసం. ఇక్కడ నాలుగేళ్ల ఆల్ముట్‌కి మెదడువాపు. పదకొండు రోజులు ఆసుపత్రి కదల్లేదు నేను. చెబితే నువ్వు అన్నీ వదిలేసి వచ్చేస్తావని నీకు కబురు పెట్టలేదు. నువ్వొచ్చే రోజు పొద్దున పిల్లతో ఇంటికొచ్చి, ఈ పదకొండూ ఒక్కసారే, చేతికొచ్చినట్టు రాసేశాను.”

ఎకార్ట్ చేతిలోని కవరు, పుస్తకం బల్లమీద పెట్టేశాడు.

“నువ్వొచ్చి కోటైనా విప్పకుండా ఈ పుస్తకమే తెరిచావు. ‘భేష్ గెజీనె, ఒక్కటీ పోలేదు’ అన్నావు. పిల్ల అంతలా ఎందుకు చిక్కిపోయిందని అడగలేదు. ఆ రోజునుంచీ ఎదురుచూస్తున్నాను, అడుగుతావేమోనని.”

“అమ్మా, నాకెప్పుడూ చెప్పలేదే,” అంది ఆల్ముట్.

“ఎవరడిగారు? మనుషుల్ని అడగడం శాస్త్రం కాదుగా ఈ ఇంట్లో!”

గెజీనె చేతుల్లో మొహం దాచుకుంది. ఎకార్ట్ కుర్చీలో కూలబడి ఆ పదకొండు అంకెల మీద వేలు నడిపాడు. ఇరవయ్యారేళ్లుగా గాలి గురించి చెప్పాయనుకున్న అంకెలు. అవి చెప్పింది ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక తల్లి భయం, భర్త పని చెడకూడదన్న ఆరాటం. ఏ పరికరమూ దాన్ని పట్టలేదు. పక్కనే పడుకున్న ఆయనా పట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు కానీ అద్దాలకేం కాలేదు, తడి కళ్లలోనే ఉంది.

జేబులోంచి కలం తీశాడు. ఐదో తేదీ ఎదురుగా ‘వివరం’ గడి మీద దాన్ని ఆనించాడు.

“మొదటి రోజు నుంచి చెప్పు గెజీనె. జ్వరం ఎంత…” అనబోయి ఆగాడు. “నువ్వెక్కడ కూర్చున్నావు?”

ఆమె జిగురు కుంచె అందుకుని కాగితం అంచుకి మళ్లీ పూసింది. అంత సులువుగా కరిగే కోపం కాదది.

“కిటికీ పక్కన చెక్క స్టూలు మీద,” అంది చివరికి. “వాళ్లు కుర్చీ ఇవ్వలేదు. పిల్ల చెయ్యి వదిలితే నిద్రలోనే ఏడ్చేది. అందుకని ఒంటిచేత్తోనే తినేదాన్ని, తాగేదాన్ని…”

ఆయన రాస్తున్నాడు. గడి చాలలేదు. ఆమె మాట ఆపుతుందేమోనన్న భయంతో తల ఎత్తకుండానే చేతికందిన డీన్ కవరు లాక్కుని, దాన్ని తిరగేసి, వెనక రాసుకుంటూ పోయాడు.

“తర్వాత?” అన్నాడు.