షట్టర్ వెనక గొంతు

వనపర్తిలో పెబ్బేరు రోడ్డుకు పక్కగా పోయే గల్లీలో మహిపాల్ కొన్న ఇంటికి ముందువైపు కారు పెట్టుకునే గది ఒకటి ఉంది. దానికి మోటారు షట్టర్. రిమోట్ నొక్కితే పైకి చుట్టుకుంటుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. ఇల్లు చూడడానికి వచ్చిన రోజు ఆయన భార్య నవనీత వంటగది, బాత్రూము చూసుకుంటుంటే మహిపాల్ మాత్రం ఆ షట్టర్‌ను ఎక్కించి దించి, ఎక్కించి దించి, తనలో తను నవ్వుకున్నాడు. విత్తనాల కంపెనీలో పని ఆయనది. రోజూ ఆత్మకూరనీ, అలంపూరనీ తిరిగే మనిషి. ఎండకు రంగు వెలిసిన కారు ఇకనుంచి నీడన ఉంటుందని సంబరం.

ఇంట్లోకి వచ్చిన కొద్ది రోజులకే షట్టర్ మొరాయించింది.

కిందికి దిగుతూ దిగుతూ నేలకు జానెడు ఎత్తున ఆగేది. కాసేపు వణికి, తిరిగి పైకి పోయేది. అది ఎక్కిదిగే పట్టీల అడుగున ఇటొకటి అటొకటి కళ్ళలాంటి సెన్సర్లు ఉన్నాయి. వాటి మధ్య పిల్లో, కుక్కో అడ్డమొస్తే ఎర్రలైటు వెలిగి షట్టర్ దిగకుండా ఆగుతుంది. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. మధ్యలో ఏమీ లేదు.

మెకానిక్‌ను పిలవడం మహిపాల్‌కు నామోషీ. ఫోన్లో వీడియోలు చూసుకుంటూ సెన్సర్ల మీది దుమ్ము తుడిచాడు. సాలెగూళ్ళు దులిపాడు. పట్టీలకు గ్రీజు పూశాడు. రిమోట్‌లో సెల్లు మార్చాడు. అయినా అది అదే జానెడు ఎత్తున ఆగి, వణికి, పైకి పోయేది. కింద ఉన్నదేదో దానికి కనబడుతున్నట్టు.

పక్కింటి సుగుణమ్మ గోడమీదుగా చూసింది.

"గా రూముల కారెందుకు పెడుతుండ్రు బిడ్డా? మీకంటె ముందటోళ్లు ఎన్నడు పెట్టలె. బయటనే నిలవెట్టేటోళ్లు."

"ఎందుకు పెద్దమ్మా?" అంది నవనీత.

"ఏమో. అడిగితే చెప్పకపోదురు. షట్టర్ మొత్తం కిందికి దించంగ మాత్రం నేనెన్నడు చూడలె."

ఆ మాట చెబితే మహిపాల్ నవ్వాడు. ఆ మధ్యాహ్నమే స్టూలెక్కి, పైన మోటారు దగ్గర సెన్సర్ల వైర్లు పీకి, ఒకదానికొకటి కలిపి టేపు చుట్టాడు. ఇక షట్టర్‌కు కళ్ళు లేవు. ఎర్రలైటు ఆరింది. రిమోట్ నొక్కాడు. షట్టర్ ఆగకుండా దిగి నేలను తాకింది.

ఆ చప్పుడు ఇనుము సిమెంటును తాకినట్టు లేదు. కింద మెత్తటిదేదో నలిగినట్టుంది.

మహిపాల్ గబగబా పైకెత్తాడు. నేల పొడిగా, శుభ్రంగా ఉంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ హాల్లో కూర్చుని తింటున్నారు. కూతురు శ్రావణి ఇంకా బడికి పోని పిల్ల. తండ్రి తొడమీద కూర్చుని రొట్టె ముక్కలు ఏరుకుంటోంది. హాల్లోంచి కారు గదిలోకి ఒక తలుపుంది. ఆ తలుపు వెనకనుంచి గొంతు వినిపించింది.

"నవనీతా... జర షట్టర్ లేపవా? చెయ్యి ఇరికింది."

మహిపాల్ గొంతే. మాటకు ముందు చిన్నగా గొంతు సవరించుకునే అలవాటుతో సహా.

మహిపాల్ ఎదురుగానే ఉన్నాడు. రొట్టె తుంచబోయిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నవనీతా... నొస్తుంది..."

మహిపాల్ లేచి తలుపు తెరిచాడు. కారు ఉంది. మూలన పాత టైరు. తడిసి మురిగిన గోనెసంచి వాసన గుప్పున కొట్టింది. మనిషి లేడు.

అప్పటినుంచి పొద్దుగూకితే చాలు, అది పిలిచేది. ఎప్పుడూ అదే మాట. షట్టర్ లేపు, చెయ్యి ఇరికింది. ఒకరోజు బతిమాలుతూ, ఒకరోజు ఏడుస్తూ. ఏడుపు మొదలైతే నవనీత చెవులు మూసుకునేది. తన మొగుడు ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. వాళ్ళ నాయిన పోయినప్పుడు కూడా ఏడవలేదు ఆయన. ఆ ఏడుపు ఎట్లుంటుందో దానికెట్లా తెలుసు?

"మా అమ్మోళ్లింటికి పోదాం" అంది ఒకరాత్రి. "ఆత్మకూర్ల ఉందాం కొన్నొద్దులు. నాతోని గాదు."

"గొంతు ఒక్కటే గదా. గొంతు ఏం జేస్తది?" అన్నాడు మహిపాల్. కానీ ఆయన మొహం కూడా పీక్కుపోయింది. "ఇగో, ఇను. నేను నీ కండ్ల ముందుంటె లోపల మొత్తుకునేది నేను గాదు. గంతే. గప్పుడు ఏమన్న గానీ, తలుపు తియ్యకు. లైటు స్విచ్చి గూడ ముట్టకు."

నవనీత తలూపింది. ఆ మాట పట్టుకునే ఆమె ఆ తర్వాతి సాయంత్రాలు గడిపింది.

పెబ్బేరు సంత జరిగిన రోజు అది. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. పొద్దుగూకకముందే చీకటి కమ్మింది. మహిపాల్ కారు తెచ్చి లోపల పెట్టి, కిటికీలోంచి నవనీతను పిలిచి చెప్పాడు.

"వైర్లు పీకినకాన్నుంచే షురువైంది గిదంత. మల్ల ఎట్లున్నయో గట్ల కలుపుత. జర సేపు పడుతది. నువ్వు రాకు, బిడ్డను సూస్కో."

తల తుడుచుకున్న టవల్ మెడలో వేసుకుని, తడిసి ముద్దయిన చొక్కాతోనే స్టూలు పట్టుకుని కారు గదిలోకి పోయాడు. షట్టర్ దించుకున్న చప్పుడైంది.

కాసేపటికి కరెంటు పోయింది. నవనీత చార్జింగ్ లైటు వెలిగించి, శ్రావణిని మంచం మీద కూర్చోబెట్టింది. రేకుల మీద వాన చప్పుడు. గదిలోంచి గొలుసు గలగలమంది. కరెంటు లేనప్పుడు షట్టర్‌ను చేత్తో లాగే గొలుసు అది.

తర్వాత ముందు తలుపు తోసుకుని మహిపాల్ హాల్లోకి వచ్చాడు.

"అయిపోయిందా?" అంది నవనీత.

"కరెంటు లేదు గదా" అంటూ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. శ్రావణి పాకుతూ పోయి ఒళ్ళో చేరింది. ఆయన పిల్ల వెంట్రుకలు సర్దాడు. మెల్లగా, ఒక్కొక్క పాయా.

కరెంటు వచ్చింది.

ఆ వెంటనే కారు గదిలో మోటారు గుర్రుమంది. ఎవరూ రిమోట్ నొక్కలేదు. దానితోపాటే ఒక కేక.

"నవనీతా! మెయిన్ బంద్ జెయ్! టవలు... టవలు సుట్టుకుంటుంది!"

నవనీత దిగ్గున లేచింది. మెయిన్ స్విచ్చి గోడకు, ఆమె చేతికందే దూరంలోనే ఉంది. చెయ్యి చాచింది.

"ముట్టకు" అన్నాడు మంచం మీది మహిపాల్.

"మెయిన్ అంటుంది... ఎన్నడు గట్ల అనలె."

"కొత్తగ నేర్సుకుంది."

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. లోపల మోటారు బరువు లాగలేక మూలుగుతోంది. స్టూలు పడ్డ చప్పుడు. ఇనుప రేకును కాళ్ళతో తంతున్న చప్పుడు... దబ... దబ... దబ...

"నవనీతా... నేనే... సచ్చిపోత..."

"బిడ్డ ఇంటది" అన్నాడు మహిపాల్ నెమ్మదిగా. రెండు అరచేతులతో శ్రావణి చెవులు మూశాడు. "నువ్వు కదలకు. నేనున్న గదా నీ ముందర."

కాలిన వైరు వాసన తలుపు సందుల్లోంచి వస్తోంది. లోపలి గొంతు సన్నబడింది. ఎవరో పట్టి పిండుతున్నట్టు, మాట మాటకూ సన్నబడింది.

"నీ ఎదురుగ... ఎవరున్నరు? నవనీతా... నీ ఎదురుగ ఎవరున్నరే?"

ఆమె తల తిప్పి చూసింది.

మహిపాల్ ఆమెను చూడడం లేదు. తలుపు వైపు చెవి వంచి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇష్టమైన పాట రేడియోలో వస్తుంటే వింటున్నవాడిలా. అప్పుడు కనిపించింది ఆమెకు. చొక్కా ఇస్త్రీ మడతతో పొడిగా ఉంది. బయట వాన కుండపోతగా కురుస్తోంది. ముందు తలుపు నుంచి ఆయన కాళ్ళదాకా గచ్చు మీద ఒక్క తడి అడుగు లేదు.

షట్టర్ రేకు మీద ఒక దెబ్బ. ఇంకొకటి. తర్వాత గోళ్ళతో గీకినట్టు...

ఇక ఏమీ లేదు. మోటారు మూలుగు ఒక్కటే.

మహిపాల్ కళ్ళు తెరిచాడు. ఆమె వైపు ఎంతో ప్రేమగా చూశాడు.

"ఇగ బంద్ జెయ్యి" అన్నాడు. "ఏం గాదు."

ఆమె చెయ్యి తనంతట తనే స్విచ్చిని లాగేసింది. చార్జింగ్ లైటు కూడా అదే క్షణాన ఆరిపోయింది. చీకటి. తన ఊపిరి తనకే వినిపించింది. ఫోను తడుముకుని టార్చి వేసేసరికి మంచం మీద శ్రావణి ఒక్కతే కూర్చుని ఉంది. రెండు చెంపల మీదా ఎర్రగా వేళ్ళ అచ్చులు.

"డాడీ ఏడి?" అంది పిల్ల.

నవనీత కారు గది తలుపు తీసింది.

మహిపాల్ షట్టర్ చుట్ట కింద వేలాడుతున్నాడు. టవల్ కొస, కుడిచేతి వేళ్ళు రోలర్‌లోకి పోయి ఉన్నాయి. కాళ్ళు నేలకు జానెడు ఎత్తున ఉన్నాయి. చొక్కాలోంచి వాననీళ్ళు ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఆయన కళ్ళు తలుపు వైపే, తెరుచుకునే ఉన్నాయి. తలుపు తీస్తుందని చివరిదాకా అనుకున్నట్టు.

సుగుణమ్మ కేకలకు గల్లీ అంతా చేరింది. టవల్ కోసి దించారు. దవాఖానలో డాక్టరు మెడ చూసి, షట్టర్ ప్రమాదమని రాశాడు. మెయిన్ ఎందుకు ఆపలేదమ్మా అని పోలీసాయన అడిగాడు. నవనీత ఏమని చెబుతుంది? ఆయనే వద్దన్నాడని చెబుతుందా?

దినాలు వనపర్తిలోనే చేశారు. అవి కాగానే తల్లి జంగమ్మ నవనీతనూ పిల్లనూ ఆత్మకూరు తీసుకుపోయింది. ఇంటికి తాళం వేశారు. స్తంభం మీదనుంచి కరెంటు వైరు కూడా తీయించారు.

జంగమ్మ కూతురిని కంటికి రెప్పలా చూసుకుంది. అన్నం కలిపి నోట్లో పెట్టింది. రాత్రిళ్ళు పక్కన పడుకుని వీపు నిమిరింది. నవనీత మెల్లమెల్లగా నాలుగు మాటలు మాట్లాడడం మొదలుపెట్టింది. ఒకనాటి సాయంత్రం వసారాలో కూర్చుని శ్రావణికి జడ వేస్తుంటే ఫోను మోగింది. సుగుణమ్మ. నవనీత చేతులకు నూనె ఉందని జంగమ్మే ఫోనెత్తి, స్పీకర్ పెట్టి మంచం మీద ఉంచింది.

"బిడ్డా, ఎప్పుడొచ్చినవ్?" అంది సుగుణమ్మ.

"యాడికి పెద్దమ్మా? నేను ఆత్మకూర్లనే ఉన్న."

అవతల సుగుణమ్మ గోడ దగ్గరకు నడుస్తున్న చెప్పుల చప్పుడు వినిపించింది.

"మరి... గా కారు రూముల ఎవరు? నీ గొంతే బిడ్డా. షట్టర్ దబదబ కొడుతున్నవు. నన్ను లోపల్నే ఇడిసిపెట్టి పోయిండ్రు అని ఏడుస్తున్నవు..." సుగుణమ్మ గొంతు తగ్గించింది. "మా అమ్మకు ఫోన్ జెయ్యమంటున్నవు. ఆత్మకూరు పోయింది నేను గాదు, నా బిడ్డను దానికాడికెల్లి తీస్కొమ్మను, అంటున్నవు..."

నవనీత చేతిలోంచి జడపాయ జారింది.

జంగమ్మ లేచింది. నవనీత మొహంలోకి ఒకసారి చూసింది. కళ్ళు, ముక్కు, నోరు... ఒక్కొక్కటే చూసింది. చెయ్యి చాచి శ్రావణిని ఎత్తుకుంది. సగం జడతోనే ఎత్తుకుని వెనక్కి వెనక్కి నడిచి ఇంట్లోకి పోయింది.

తలుపు మూసుకుంది. లోపల గొళ్ళెం పడింది.

"అమ్మా?" నవనీత పోయి తలుపు తట్టింది. "అమ్మా, ఏందిది? తలుపు తియ్."

లోపల శ్రావణి అడుగుతోంది. "అమ్మమ్మా, బయటెవరు?"

"ఎవ్వరు లేరు బిడ్డా" అంది జంగమ్మ. "ఎవ్వరు లేరు."

నేనే అమ్మా అని అరవడానికి నవనీత నోరు తెరిచింది. మాట ఇంకా గొంతులోనే ఉంది. అంతలోనే మంచం మీది ఫోన్లోంచి, ఎక్కడో దూరాన ఇనుప రేకు వెనకనుంచి వినిపించింది.

"అమ్మా... నేనే..."