మడత మారిన చొక్కాలు

పొద్దున్న ఏడింటి నుంచి ఆ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ తీయడం లేదు. కూతురు సోఫాలో మోకాళ్ళు ముడుచుకుని, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి, గోడవైపు చూస్తూ కూర్చుంది. ఆఫీసుకి వెళ్ళిన అల్లుడు గంటలోపే తిరిగొచ్చి, బూట్లు కూడా విప్పకుండా భోజనాల బల్ల దగ్గర నిలబడిపోయాడు. పెళ్ళయి నెల తిరగలేదు... అప్పుడే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు! ఎవరికి ముందు మంచినీళ్ళివ్వాలో తెలియక, గ్లాసు పట్టుకుని వాళ్ళ మధ్య నిలబడింది ఆ తల్లి. ఎవర్ని ఓదారుస్తుంది? చేసినవి తన చేతులే కదా!

అల్లుడి ఉద్యోగం ఈ పరాయి దేశంలో. పెళ్ళి హడావుడిలో ఇద్దరికీ ఒక్క మంచి ఫోటో కుదరలేదని కూతురి బెంగ. ఇక్కడ పెళ్ళిబట్టల్లో మళ్ళీ తీయించుకుందామని పట్టుబట్టింది. కాపురం పెట్టించడానికి వచ్చిన తల్లి చీర కట్టడానికీ, కుచ్చిళ్ళు సర్దడానికీ వెంట వెళ్ళింది. భర్త పోయిన దగ్గర్నుంచీ బ్లౌజులు కుట్టి పిల్లను చదివించుకుంది. వీధంతా ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ఆమె కొంగుకి వరసగా గుచ్చిన పిన్నీసులు చూసి, "అమ్మగారూ, మీరు తోడుంటే విమానం రెక్క ఊడినా భయం లేదు" అని ఆ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు ఫోటోగ్రాఫరు నవ్వించాడు. అంత సంతోషంగా మొదలైన రోజది...

కొండమీద పాత ప్రార్థనామందిరం. దాని వెనక రాతిగోడ. గోడ నిండా చిన్న చిన్న గూళ్ళు. కొన్ని గూళ్ళలో ఎండకి వెలిసిపోయిన బట్టలేవో మడిచి పెట్టి ఉన్నాయి. గోడ బాగుంది, అవి లేకపోతే ఇంకా బాగుంటుందన్నాడు ఫోటోగ్రాఫరు. గేటు దగ్గర బోర్డుంది కానీ అది అక్కడి భాషలో ఉంది. చదవగలిగిన అల్లుడు కింద కారు పెట్టడానికి వెళ్ళాడు. కాపలా ముసలాయన లోపల ప్రార్థనలో ఉన్నాడు. ఆయన వచ్చేదాకా ఆగుదామని ఎవరికీ తోచలేదు.

మొదటి గూట్లోంచి తీసిన బట్ట చేతిలోకి రాగానే ఆమె వేళ్ళు ఆగిపోయాయి. పసిపిల్లల చొక్కా. ఒళ్ళు ఒరుసుకోకుండా కుట్లు బయటికి వేసి, చేత్తో కుట్టినది. మెడ సాగలేదు. కట్టుకునే దారాలకి ఒక్కసారైనా ముడి పడిన జాడ లేదు. కుట్టారు... తొడగలేదు! ఆ గోడేమిటో, ఆ గూళ్ళేమిటో ఆమెకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నోరు తెరిచేలోపు వెనకనుంచి కూతురు, "అమ్మా, త్వరగా... ఎండ పోతోంది" అంది. ఆ గొంతులో ఎంత సంబరం! పిల్ల ఏదడిగినా కాదనడం చేతకాని తల్లి పదకొండు చొక్కాలూ తీసి శాలువాలో పోగేసింది. గూళ్ళలోవి ముట్టుకోవద్దన్న బోర్డు చదువుకునే అల్లుడు పైకి వచ్చాడు. పోగు చూశాడు. పది నిమిషాల పనే కదా అని అతనూ ఊరుకున్నాడు. ఫోటోలయ్యాక ఆమె అన్నిటినీ మళ్ళీ గూళ్ళలో పెట్టేసింది. ఏది ఎందులోదో సరిగ్గా గుర్తులేదు. చేతి అలవాటు కొద్దీ అన్నీ ఒకే తీరున, అంచుకి అంచు కలిపి మడిచింది.

ఆ మడతే పట్టించింది. బిడ్డ దక్కని తల్లులు ఎవరి చొక్కా వాళ్ళు తమకి తోచినట్టు మడిచి అక్కడ పెట్టుకుంటారు. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఎండకీ వానకీ దానంతటదే పోవాలి. మర్నాడు ఒకావిడ వచ్చి, కొట్లో బట్టల్లా వరసగా ఉన్న చొక్కాలు చూసి అక్కడే కూలబడిపోయిందట. అప్పటికే కూతురు నెట్‌లో పెట్టిన, ఖాళీ గోడ ముందు నవ్వుతున్న జంట ఫోటో ఆ ఊరంతా తిరుగుతోంది. కూతురు తీసేసింది, కానీ ఎన్ని ఫోన్లలోంచి తీయగలదు? అల్లుడి పేరు కనుక్కుని ఇవాళ పొద్దున్న కాపలా ముసలాయనే ఆఫీసుకి ఫోన్ చేశాడు. తిట్టలేదు. అవి ఏమిటో చెప్పి పెట్టేశాడు. అంతే.

ఆమె చేతిలో గ్లాసు తీసుకుని అల్లుడు నీళ్ళు తాగి, "మీరేమైనా తిన్నారా అత్తయ్యా?" అన్నాడు. ఆ స్థితిలో కూడా ఆ మాటడిగినందుకు ఆమె కళ్ళు చెమర్చాయి.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళు బాబూ" అంది. "కుట్టు చూస్తే ఎవరి చేతిదో చెప్పగలను. ఆ తల్లులు వచ్చి రెండు కుట్లు వేసి చూపిస్తే చాలు, ఎవరిది వాళ్ళకి తిరిగి పెట్టిస్తాను."

ఎంత ఆశ! ముగ్గురూ బయల్దేరారు. దారంతా వేళ్ళు నలుపుకుంటూనే ఉంది. కానీ కొండెక్కేసరికి గోడ బోసిగా ఉంది. పరాయి చేతులు పడినవి గూళ్ళలో ఉండకూడదని, ముందురోజు సాయంత్రం తల్లులంతా కలిసి పదకొండూ ఒకే గోతిలో పాతిపెట్టారని చెప్పాడు ముసలాయన. కుట్లన్నీ మట్టిలో కలిశాయి. ఇక ఆమె విద్య ఎందుకు పనికొస్తుంది?

గోడ దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. బస్సు కండక్టరు యూనిఫాం, భుజాన టికెట్ల సంచి. కూతురి ఈడే. మొదట చూసి కూలబడింది ఈమేనని ముసలాయన సైగ చేశాడు. టైలరమ్మ ఎదురుగా వెళ్ళి చేతులు చాపింది. ఆమె చెబుతుంటే అల్లుడు ఆ భాషలో చెప్పసాగాడు.

"ఈ చేతులే తీశాయమ్మా. నా పిల్లకి ఏమీ తెలియదు. తీస్తున్నప్పుడే నాకు తెలుసు, అవి ఏమిటో."

ఎలా తెలుసని అడిగింది కండక్టరు.

"నేనూ ఒకటి కుట్టాను. ఈ పిల్లకంటే ముందు. మగపిల్లాడు. తొడగలేదు."

వెనకనుంచి కూతురు "అమ్మా" అంది. ఇరవై ఎనిమిదేళ్ళు పెంచిన తల్లి, తనకెప్పుడూ చెప్పని ఇంత పెద్ద మాట పరాయి మనిషితో చెబుతుంటే వింటోంది! తడినేల మీద నడిచినట్టు అల్లుడు ఒక్కో మాటే ఆ భాషలోకి తెచ్చాడు.

కండక్టరు ఒక్క ప్రశ్నే వేసింది.

"బాబు ఎవరి పోలికని అడుగుతోంది అత్తయ్యా."

ఆ మాట ఆమెను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. భర్త అడగలేదు. మళ్ళీ పుడతాడు ఊరుకోమన్న అత్తగారు అడగలేదు. అసలు వాడొక మనిషని, వాడికొక మొహం ఉంటుందని ఎవరనుకున్నారు కనుక...

"నాకు చూపించలేదమ్మా. చూస్తే మరిచిపోలేనన్నారు."

కండక్టరు తల దించుకుంది. తన బిడ్డ ఆరు రోజులు బతికిందని, నోరు అచ్చం తాతగారిదేనని చెప్పింది. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య వచ్చి ఆ మూల గూటితో మాట్లాడుకునేదట. ఇప్పుడు అన్నీ ఒకేచోట పాతారు, ఏ వైపు తిరిగి మాట్లాడాలో తెలియడం లేదట. "క్షమించమని అడగొద్దు" అంది చివరికి. "నా దగ్గర ఉంటే ఇచ్చేదాన్ని." బస్సు టైమవుతోందని సంచి సవరించుకుని బయల్దేరింది. నాలుగు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగి ఏదో చెప్పింది. ఇక్కడి మెట్టు పాచి పట్టింది, దిగేటప్పుడు పెద్దావిడ చెయ్యి పట్టుకోమందట.

ఆమె కనుమరుగయ్యాక తల్లి ఆ రాళ్ళమీదే చతికిలబడింది. కూతురొచ్చి పక్కన కూర్చుంది.

"ఆ రోజు ఒక్కమాట అంటే ఆగిపోయేదాన్ని కదమ్మా."

"నువ్వు పుట్టినప్పట్నుంచీ నీకు చెప్పనిది, అంత సంతోషంగా ఉన్న రోజు ఎలా చెప్పను తల్లీ?"

గూళ్ళలోకి గాలి వచ్చి పోతోంది. ముసలాయన చీపురు తెచ్చి, వాళ్ళున్నంత మేరా వదిలేసి, చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్ళాడు.

"వాడు ఎవరి పోలిక అయ్యుంటాడంటావు?" అని మెల్లగా అడిగింది కూతురు.

"నాకేం తెలుసు. నువ్వు పుట్టాక నీ మొహంలోనే వెతుక్కునేదాన్ని. నువ్వు నిద్రపోతే, నిద్రపోతే ఇలా ఉండేవాడు కాబోలు అనుకునేదాన్ని. అలిగితే ఇలా అలిగేవాడు అని..."

కూతురి కళ్ళు నిండి, చెంపల మీదుగా కారాయి. తుడుచుకోలేదు. మొహం పక్కకి తిప్పుకోలేదు కూడా. తల్లి ఎంతసేపు చూసుకుంటే అంతసేపు, అలాగే ఎదురుగా, కదలకుండా కూర్చుంది.