దేవుడి గూట్లో ఇంగ్లీషు పుస్తకం

కరోల్ బాగ్‌లో మేడమీది గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ భీమేశ్వరరావు పేపరు తిరగేస్తుండగా, మెట్లెక్కిన ఆయాసంతో ఒక పెద్దావిడ వచ్చి కుర్చీలో కూలబడింది. జనవరి చలిలోనూ ఆవిడ నుదురు చెమటతో తడిసి ఉంది. సివిల్స్ పరీక్ష తప్పి, గురువుగారి దగ్గర అసిస్టెంటుగా కుదురుకున్న త్యాగరాజు గబగబా మంచినీళ్ళిచ్చాడు.

"మా ఇంట్లో పుస్తకం పోయింది బాబూ. అది దొరక్కపోతే మా పిల్ల దక్కదు."

త్యాగరాజుకు నవ్వొచ్చింది. గురువుగారి మొహం చూసి మింగేశాడు.

ఆవిడ పేరు రాజేశ్వరమ్మ. కొడుకు లక్ష్మీపతి కేంద్ర ప్రభుత్వోద్యోగి, సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో కాపురం. తల్లిలేని మనవరాలు కమలకు గుండెలో రంధ్రం. బుధవారం ఆపరేషన్. పక్కింటి నర్సు అన్నమ్మ తన తల్లి దాచుకున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి పిల్ల కోసం ఇచ్చింది. విక్టోరియా రాణి కాలం నాటిది. కుంటిపిల్ల ఒకతి నక్షత్రాల మెట్లెక్కి దేవుణ్ణి చూడబోయే కథ.

"రోజూ సాయంత్రం మావాడు చదివి తెలుగులో చెప్పేవాడు. దేవుడి కథ కదా, దీపం పెట్టి పారాయణగా మొదలుపెట్టాను. ఆఖరి అధ్యాయం మిగిలింది. శుక్రవారం దీపం వెలిగించి చూద్దును కదా, గూట్లో పుస్తకం లేదు! పారాయణ మధ్యలో ఆగిపోతే కీడు కాదూ?"

"ఎవరి మీద అనుమానం?"

"అన్నమ్మ మీదే. ఓసారి చూసిస్తానంటే, దేవుడి గూట్లో పెట్టాను, ముట్టుకోవద్దన్నాను. కోపమొచ్చి పట్టుకుపోయి ఉంటుంది. నోటికొచ్చినట్టు అనేశాను. ఆపరేషన్ రోజు పిల్ల పక్కనే ఉంటానని మాటిచ్చిన మనిషి, ఇప్పుడు డ్యూటీ మార్పించుకుందిట."

తన పుస్తకాన్నే తాను ముట్టుకోకూడదా అని త్యాగరాజు మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నం భీమేశ్వరరావు త్యాగరాజును వెంటబెట్టుకుని క్వార్టర్‌కి వెళ్ళాడు. దేవుడి గూడు వంటింట్లో ఉంది.

"పుస్తకం మీద పువ్వు పెట్టేవారా?"

"రోజూ. శుక్రవారం పొద్దునా పెట్టాను. సాయంత్రానికి అది రాముడి పటం ముందుంది."

"అన్నమ్మగారు ఈ వంటింట్లోకి వస్తారా?"

రాజేశ్వరమ్మ తల దించుకుంది. "రాదు. నేనే రానివ్వను. ముందు గదిలోనే కూర్చుంటుంది."

"శుక్రవారం సాయంత్రం ఏమేం జరిగిందో వరసగా చెప్పండి."

"ఏముంది? మావాడు ఆఫీసు నుంచి వస్తూనే పిల్లకి కొత్త బొమ్మల పుస్తకం ఇచ్చాడు, ఇవాళ్టి నుంచి ఇది చదువుకుందాం అంటూ. ఆ తరవాత నేను దీపం పెట్టాను."

భీమేశ్వరరావు లేచి, సాయంత్రం అన్నమ్మగారినీ పిలిపించమన్నాడు. పరిష్కారం దొరికినప్పుడు ఆయన కళ్ళు మెరుస్తాయి. ఈసారి మెరవకపోవడం త్యాగరాజు గమనించాడు.

సాయంత్రం అందరూ ముందు గదిలో చేరారు. అన్నమ్మ డ్యూటీ చీరతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పిల్ల లోపల పడుకుంది.

"పుస్తకం తీసినవాడు పువ్వును కింద పడెయ్యలేదు, రాముడి ముందు పెట్టాడు. ఆ గూడంటే గౌరవమున్నవాడు, వంటింట్లోకి రాగలిగినవాడు. అన్నమ్మగారు ఆ గడపే దాటలేదు. అసలు సంగతి ఇంకొకటి. దీపం పెట్టేదాకా పుస్తకం పోయినట్టు ఎవరికీ తెలియదు. అంతకు ముందే ఒకరు దాని బదులు ఇంకోటి కొనుక్కొచ్చారు." భీమేశ్వరరావు గొంతు తగ్గించాడు. "ఎందుకు లక్ష్మీపతిగారూ?"

లక్ష్మీపతి లేచి లోపలి గది తలుపు ఓరగా వేశాడు.

"ఆఖరి అధ్యాయం ముందే చదివానండీ. కథలో ఆ కుంటిపిల్ల చచ్చిపోతుంది. దేవుడి దగ్గరికి వెళ్ళిందని అందరూ సంతోషిస్తారు. ఆపరేషన్ ముందు అది నా నోటితో చదవనా?"

"మార్చి చెప్పలేకపోయారా?"

"నా తెలుగు అమ్మ కోసం. కమల పక్కనే కూర్చుని ఇంగ్లీషు వాక్యాల వెంట వేలు పెట్టి చదువుకుంటుంది."

"మరి నన్ను దొంగను చేస్తుంటే నోరెత్తలేదేం బాబూ?" అంది అన్నమ్మ.

"చెబితే కథ ముగింపు కూడా చెప్పాలి. అమ్మ తట్టుకోలేదనుకున్నాను. తప్పే." అతను అన్నమ్మ వైపు తిరిగాడు. "పారెయ్యడానికి చేతులు రాలేదు. నిన్న దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల వాడికిచ్చాను. మనసాగక గంటలో తిరిగి వెళితే అప్పటికే అమ్మేశాడు."

అన్నమ్మ గోడకు ఆనుకుంది. "మా అమ్మ పోయేముందు ఆ అధ్యాయమే చదివించుకుంది. మాకది ధైర్యం. మీకు భయమవుతుందని తెలిస్తే ఇచ్చేదాన్నే కాదు."

రాజేశ్వరమ్మ లేచి ఆమె చేతులు పట్టుకుంది. "బుధవారం వస్తావా తల్లీ?"

"ఆ రోజు డ్యూటీ ఇంకెవరికో వేసేశారమ్మా. అడిగి చూశాను. ఇక మార్చరట."

నేరస్థుణ్ణి పట్టుకున్నాక ఇంత సిగ్గుపడాల్సి వస్తుందని త్యాగరాజు ఎన్నడూ అనుకోలేదు.

తలుపు చాటు నుంచి కమల వచ్చింది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే.

"పాపా, ఆప్ డర్ గయే థే?" భయపడ్డారా నాన్నా అని.

ఏం భయం లేదని రోజూ చెప్పే తండ్రి ఈసారి అవునన్నట్టు తలూపాడు.

"ముఝే భీ డర్ లగ్తా హై," తనకూ భయమేస్తోందంది కమల. ఆ తరవాత, నానమ్మకు తెలియాలనేమో, కూడబలుక్కుంటూ తెలుగులో అంది. "నన్ను ఎవరూ అడగలేదు."