నడుముతో తిరిగే రెక్క

మొదటి గుండు కుడి చేతికి తగిలింది.

నెత్తిన గుడ్డ రెక్క, వీపున ఇంజన్ ఉన్న పారామోటర్‌లో ఆనకట్ట పైన ఎగురుతున్న మనిషి, రెక్కను కుడికి తిప్పే బ్రేకు పిడి వదిలేశాడు. పట్టుకోవడానికి ఆ చేతికి వేళ్లు మిగల్లేదు. నేరుగా పోతే కొండ. ఎడమ పిడి లాగితే కరెంటు తీగలు. ఖాళీగా ఉన్నది కుడివైపు ఒక్కటే. అతను కాళ్లు విసిరాడు. నడుము మెలితిప్పాడు. సీటు రాయిలా కదలకుండా కూర్చుంది, రెక్క ఎడమకే పోయింది. తీగల మీద నీలి మంట లేచింది. రెండో గుండు ఖర్చు కాలేదు.

ప్రొజెక్టర్ ఆగింది. బ్రీఫింగ్ గదిలో లైట్లు వెలిగాయి.

"ఇంకోసారి వేయమంటావా?" అన్నాడు చీఫ్.

"వద్దు సర్. అన్న చావు ఒకసారి చూస్తే చాలు," అన్నాడు ఏజెంట్ ఉడుత.

గోడ ఏదైనా ఇట్టే ఎక్కేస్తాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు అది. అసలు పేరు ఫైల్లో ఉంది, ఆ ఫైలు ఇనుప బీరువాలో ఉంది.

చీఫ్ మ్యాప్ పరిచాడు. "గ్రే లాంతరు ముఠా. పరాయి దేశపు డబ్బు, పరాయి దేశపు మందుగుండు. ఆనకట్ట నడిమధ్య టవర్‌ని పట్టుకున్నారు. గోడ నిండా మందు పెట్టారు. రిమోట్ పెట్టె వాళ్ల దగ్గరుంది. ఈ సాయంత్రం హెలికాప్టర్ వస్తుంది. ఎక్కి, ఎదురు కొండ మీద దిగి, మీట నొక్కుతారు. కింద ఊరుంది."

"రోడ్డు మీద నుంచి వెళ్తే?"

"జీపు కనపడితే అక్కడే నొక్కేస్తామన్నారు. ఆకాశం ఒక్కటే దారి. కానీ పైన స్నైపర్ ఉన్నాడు."

"అయితే నాకు చేతులు ఖాళీగా కావాలి సర్. తిరగడానికి నడుము చాలు."

చీఫ్ పక్కనున్న స్త్రీ నవ్వింది. పొడుగాటి తెల్ల కోటు, ఎత్తు మడమల బూట్లు, గది దాటినా పోని సెంటు. ట్రైనింగ్ సెక్షన్ ఇన్‌ఛార్జ్. ఆఫీసంతా నెమలి అంటుంది.

"స్టేబుల్ మెషీన్ తీసుకో. మీ అన్నకీ అదే ఇప్పించాను," అంది.

ఉడుత ఆమె వంక ఒక క్షణం ఎక్కువగా చూశాడు. "పదండి, చూద్దాం."

* * *

వర్క్‌షాపు ఆనకట్ట కింది ఊరి చివర ఉంది. గ్రీజు మరకల నేల, పైన ఇనుప దూలం, దూలానికి గొలుసులతో మూడు పారామోటర్లు. ఆ షాపు నడిపేది ఉడుత వదిన. మొగుడు పోయి నెల కాలేదు. ఏడుపు ఇంట్లో పెట్టి, పని ఇక్కడికి తెచ్చుకుంది.

"రా మరిదీ. ఎక్కు, ఉరేస్తాను," అంది. ఆ షాపులో దూలానికి వేలాడి చూసుకోవడాన్ని ఉరి అనేవారు. ఉరి పడకుండా అక్కడ ఎవరికీ మెషీన్ అమ్మరు.

"నెమ్మది వదినా. నాకింకా పెళ్లి కాలేదు."

"అందుకే తొందరగా తేల్చేస్తున్నా."

మొదటిదాంట్లో కూర్చున్నాడు. రెక్కను కలిపే కొక్కేలు భుజాల ఎత్తున, కదలని కమ్ములకు ఉన్నాయి. ఎడమ తొడ అదిమాడు. కుడి తొడ అదిమాడు. గోడకు చేరేసిన కుర్చీలా ఉంది.

"ఇదే స్టేబుల్," అంది నెమలి.

"శవం కూడా స్టేబులేనమ్మా," అంది వదిన, ఆమె వైపు తిరక్కుండానే.

రెండోదానికి కొక్కేలు కాస్త కిందికి ఉన్నాయి. కొంచెం ఊగింది. కానీ ఇంజన్ మరీ పెద్దది. వదిన దాన్ని స్టార్ట్ చేసి గ్యాస్ ఇవ్వగానే ప్రొపెల్లర్ వడికి ఒళ్లంతా ఓ పక్కకు తోసుకుపోయింది. నడుముతో బరువు ఎంత మార్చినా ఆ తోపును సరిచేయడానికే చాలదు.

మూడోదాంట్లో కొక్కేలు చంకల కింద ఉన్నాయి. కమ్ములు మొదలు దగ్గర ఇరుసు మీద కిందికీ పైకీ ఆడుతున్నాయి. ఉడుత కుడి తొడ అదిమాడు. కుడి కమ్మి జానెడు దిగింది, ఎడమది జానెడు లేచింది. చేతులు గాల్లో ఉన్నాయి. అతను రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు.

"ఇదీ!"

"ఆగు, ఇంకా ఉంది," అంది వదిన. "పిస్తోలేది? గుళ్లేవి? గ్రెనేడేది? అన్నీ పెట్టుకుని వేలాడు. ఇది మాట వినే మెషీన్. బరువు ఎటుంటే అటు వింటుంది, ఎవరి బరువని అడగదు." పిస్తోలు కుడి జేబులోకి వెళ్లగానే దూలం కింద ఉడుత కుడికి ఒరిగాడు. ఆమె ఎడమ జేబులో గుప్పెడు బోల్టులు పోసింది. అతను నిటారుగా నిలిచాడు.

"మేడమ్, మీరూ ఒకసారి ఎక్కుతారా? ఊరికే, సరదాకి," అంది వదిన.

"నా కోటు నలుగుతుంది," అంది నెమలి. తాళాలు ఆడించుకుంటూ కారెక్కి వెళ్లిపోయింది.

కారు మలుపు తిరిగిందో లేదో, షట్టర్ కింద నుంచి ముగ్గురు దూరారు.

మొదటివాడి కత్తి ఉడుత చెవి పక్కన గాలిని కోసింది. ఉడుత ఇంకా దూలానికే వేలాడుతున్నాడు. రెండు కాళ్లూ ముడిచి వాడి గుండెల మీద తన్నాడు. పక్కటెముకలు ఎండు పుల్లల్లా విరిగాయి. రెండోవాడు వదిన జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె చెయ్యి చాపి పెద్ద ఇంజన్ స్టార్ట్ చేసి గ్యాస్ ఇచ్చింది. వాడు తూలి, ఆసరా కోసం చెయ్యి చాపాడు. చాపినచోట ప్రొపెల్లర్ తిరుగుతోంది. మోచెయ్యి దాకా పోయింది. గోడ మీద ఎర్రగా ఒక చార పడింది. మూడోవాడు తుపాకీ ఎత్తేసరికి ఉడుత పిస్తోలు పేలింది.

ఇంజన్ ఆగాక వదిన గోడవైపు చూసింది. "సున్నం వేయించి వారం కాలేదు."

"మనం ఇక్కడున్నామని చీఫ్‌కి తెలుసు. నెమలికి తెలుసు," అన్నాడు ఉడుత.

"చీఫ్ మీ అన్నకి మెషీన్ ఇప్పించలేదు అబ్బాయ్."

ఆమె అతని హార్నెస్ పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూసింది. "మెషీన్ పోతే పోయింది. మనిషి తిరిగి రా."

* * *

ఎండ వాలుతుండగా, సూర్యుణ్ణి వీపున పెట్టుకుని వచ్చాడు. టవర్ మీద స్నైపర్ చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. కాల్చాడు.

కుడి ముంజేతిలో మాంసం ఎగిరిపోయింది. పిడి జారింది. అన్న చచ్చిన చోటే, అన్న చచ్చిన తీరే. ఎదురుగా కొండ, ఎడమన తీగలు.

ఉడుత కుడి తొడ అదిమాడు. కమ్మి దిగింది. రెక్క కుడికి ఒరిగి, తీగల్ని దాటించింది. ఎడమ తొడ. మళ్లీ కుడి. గాల్లో పాములా మెలికలు తిరుగుతుంటే స్నైపర్ గుళ్లు ఖాళీ ఆకాశాన్ని కొట్టాయి. ఉడుత ఎడమచేత్తో కుడి జేబులోని పిస్తోలు లాగాడు. మూడోసారికి స్నైపర్ గొంతు చీలింది. వాడు తుపాకీతో సహా ఆనకట్ట మీది నుంచి జారిపోయాడు.

టవర్ విశాలమైన కప్పు మీద దిగాడు. మెట్ల తలుపు తెరుచుకుంది. లోపలికి గ్రెనేడు దొర్లించాడు. అరుపులు, పొగ, తర్వాత అరుపుల్లేవు. దూరంగా వస్తున్న హెలికాప్టర్ ఆ పొగ చూసి వెనుదిరిగింది. ఉడుత పట్టీలు విప్పుకుని మెట్లవైపు పరుగెత్తాడు.

పొగలోంచి తెల్ల కోటు బయటికి వచ్చింది. ఒక చేతిలో తుపాకీ, ఒక చేతిలో రిమోట్ పెట్టె. ఇటుకంత లావు, బ్యాటరీతో ఇటుకను మించిన బరువు.

ఉడుత పిస్తోలు నొక్కాడు. టక్కుమంది. ఖాళీ.

"ముందు జేబులు చూసుకోవాలి," అంది నెమలి. అతని మోకాలి మీద కాల్చింది. ఉడుత కూలబడ్డాడు. "మీ అన్నకంటే నువ్వే నయం. వాడు ఇక్కడిదాకా కూడా రాలేదు."

"ఇక్కడ నొక్కితే నువ్వూ పోతావు."

"నీ బండి ఉందిగా. ఎదురు కొండకి ఎంతసేపు?" ఆమె పారామోటర్ తగిలించుకుంది. పెట్టెను హార్నెస్ ఎడమ రింగుకు తగిలించింది. కింద ఊళ్లో దీపాలు పెడుతున్నారు.

ఉడుత ఆ పెట్టెను చూశాడు. కమ్మి వైపు చూశాడు. రక్తం కారుతున్న మోకాలు అదిమి పట్టుకుని అన్నాడు:

"మేడమ్, కుడివైపు కూడా ఏదైనా పెట్టుకోండి."

"నన్ను ఆపడానికి ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?"

రెక్క లేచింది. ఆమె పరుగెత్తి అంచు దాటింది.

దాటగానే ఎడమ కమ్మి దిగింది. రెక్క ఎడమకు తిరిగింది. నెమలి కుడి పిడి లాగింది. చాల్లేదు. ఉడుతకు సగం ఉంటుంది మనిషి. అదిమినా ఆ తొడకు బరువు లేదు. ఇన్నేళ్లూ ఎగిరినవన్నీ కదలని కుర్చీలు. ఒక చెయ్యి సరిపోక రెండు చేతులతో కుడి పిడి పట్టుకుని వేలాడింది. అప్పుడు రెక్క నేరుగా సాగింది. కానీ మీట నొక్కడానికి మూడో చెయ్యి లేదు.

ఆనకట్ట అంచు దాటి కొండ దగ్గరైంది. ఆమె పెట్టె వైపు చూసింది. ఎడమచెయ్యి వదిలి మూత తెరిచింది. రెక్క ఎడమకు ఒరిగి గిర్రున వెనక్కి తిరిగింది. బొటనవేలు మీట మీదికి చేరేసరికి కొండ లేదు, ఎదురుగా టవర్ గోడ ఉంది.

ప్రొపెల్లర్ కాంక్రీటును ముద్దాడి ముక్కలైంది. తెల్ల కోటు గోడ వెంట జారి, కింద నీళ్లు దూకే రాతి మెట్ల మీద పడింది. పెట్టె ముందే పగిలింది. బ్యాటరీ ఒక మెట్టు మీద, మీట ఇంకో మెట్టు మీద, ఆమె ఆ కిందెక్కడో. ఆనకట్ట కదల్లేదు. ఊళ్లో ఒక్కొక్క దీపమే వెలుగుతూ పోయింది.

ఉడుత పళ్లతో వైర్‌లెస్ ఏరియల్ లాగాడు.

"వదినా. మెషీన్ పోయింది."

"మనిషి?"

"ఉన్నాడు. రెండు చిల్లులతో."

అవతల ముక్కు తుడుచుకున్న చప్పుడు.

"ఆవిడ?"

"నీ మెషీన్ ఎక్కింది. ఉరి పడకుండానే."

"చూశావా, కోటు నలుగుతుందని వేలాడనంది."

ఉడుత గోడ మీద నుంచి కిందికి తొంగి చూశాడు.

"నలిగింది వదినా. ఇస్త్రీకి లొంగదు."