జోజమ్మ గొంతు

ఆదివారం... అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

క్షుద్రపూజ అంటే అర్ధరాత్రే జరగాలని ఎవరు చెప్పారండీ? మే నెలలో ఆగిరిపల్లి మామిడితోటల మీద సూర్యుడు నిప్పులు చెరుగుతుంటే కాకి కూడా నోరెత్తదు. ఆ ఘోర నిశ్శబ్దంలో, తోట నడుమ రేకుల షెడ్డులో, హోమగుండం భగభగా మండుతోంది. గుండం ముందు పసుపు కుంకుమలు పూసిన కపాలం!

ఆ కపాలం జోజమ్మది. నిరుడు ఇదే తోటలో కాయ కోస్తూ వడదెబ్బకి ప్రాణం వదిలిన కూలిమనిషి. ఆమె సమాధి ఎక్కడుందో చూపించింది ఎవరనుకున్నారు? ఇదిగో, తడిబట్టలతో కూర్చున్న గాయని వినీల!

వినీలకి పేరు తెచ్చిన మొదటి ఆల్బంలో ఎనిమిది పాటలూ జోజమ్మవే. చెట్టుకింద ఫోన్లో రికార్డు చేసుకుంది, హైదరాబాద్ వెళ్లి పాడింది, తన పేరు వేసుకుంది. జనం నెత్తిన పెట్టుకున్నారు. రెండో ఆల్బం మొదలుపెడితే... ఒక్క బాణీ రాదు! పద్నాలుగు నెలలు కీబోర్డు ముందు కూర్చుని ఏడ్చింది. కట్టినవన్నీ చెరిపేసింది, తిండి మానేసింది. సిగ్గులేని మనిషి కాదు పాపం. కానీ 'ఇది కూడా రాకపోతే ఇక నేనెవర్ని' అనే భయం సిగ్గుని మింగేసింది. ఆ భయమే ఆమెని క్షుద్రోపాసకుడు హనుమయ్య కాళ్ల దగ్గర పడేసింది.

"దాని ఆత్మని నీ గొంతులోకి దింపుతాను," అన్నాడు హనుమయ్య. "అది పాడుతున్నంతసేపూ ఇంకెవరి గొంతూ కలవకూడదు. కలిస్తే కట్టు తెగుతుంది. తోటలో ఎవరూ లేరుగా?"

"లేరండీ. ఎండెక్కగానే కోత ఆపేస్తారు," అంది వినీల, రికార్డర్ ఆన్ చేస్తూ.

కోత ఆపేస్తారు, నిజమే. కానీ ఇంటికి వెళ్లరు! గట్టు అవతల చెట్లనీడన ఇరవైమంది ఆడవాళ్లు కాయలు ఏరుతూ కూర్చునే ఉన్నారు. పొద్దున్నే వచ్చి పాట పట్టుకుపోయే మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

"హ్రీం... క్లీం..." మంత్రం ఉచ్చస్థాయికి చేరింది. నిర్మేఘమైన ఆకాశంలో ఉరుము! పట్టపగలు గుడ్లగూబ కూసింది! వినీల తల వెనక్కి విరిగింది, కళ్లు తేలేసింది. ఆమె నోట్లోంచి వచ్చిన గొంతు ఆమెది కాదు.

"కొమ్మ వంగింది, కొంగు పట్టవే చెల్లీ..."

ఎంత దుఃఖం ఆ గొంతులో! అది ఆగబోతే హనుమయ్య వేపమండతో బాదుతున్నాడు.

"పాడు. పాడకపోతే నీకు మళ్లీ మట్టి కూడా దక్కనివ్వను."

గట్టు అవతల నవ్య చేతిలో కాయ జారిపోయింది. నవ్య జోజమ్మ కూతురు. ఆ గొంతు అమ్మది! కోతపాటకి ఇక్కడో పద్ధతుంది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాల్సిందే, ఎత్తుకున్న మనిషిని ఒంటరిగా వదలరు. నవ్య ఏడుస్తూనే అందుకుంది. ఆమె వెనకాల మిగతా గొంతులన్నీ...

"పట్టానే అక్కా, పదిలంగా దిగవే..."

కట్టు తెగింది!

గుండంలో మంట నిలువెత్తున లేచి హనుమయ్యని చుట్టేసింది. అతని మంత్రం అతని నోట్లోనే ఆర్తనాదమైంది. ప్రచండమైన గాలిదుమారం రేకుల్ని ఎగరేసుకుపోయింది. ఆడవాళ్లు పరుగున వచ్చేసరికి అక్కడ ఉన్నది గుప్పెడు బూడిద, కపాలం, నేలమీద వినీల.

నవ్యకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అమ్మ తలని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. తర్వాత వినీల వైపు తిరిగింది.

"ఆ పాటలు మా అమ్మవని ఒక్కసారి మీ నోటితో చెప్పండి మేడం. అంతే చాలు."

చెప్పాలనుకుంది వినీల. ఒట్టు, ఆ పద్నాలుగు నెలల్లో ఆమె దేన్నీ అంతగా కోరుకోలేదు. కన్నీళ్లు కారుతుండగా నోరు తెరిచింది... పెదాలు కదిలాయి... నవ్య ఇంకాస్త దగ్గరికి వంగింది.

మాట రాలేదు. ఆ పూటే కాదు... ఇంకెప్పుడూ రాలేదు.