మతేయ్ ఆదివారాలు

ఆదివారం చర్చి నుంచి రాగానే వెరోనా చేసే మొదటి పని మొగుడి పక్కటెముకలకి గుడ్డ చుట్టడం. పాత దుప్పటి చింపి అందుకోసమే పీలికలు చేసి పెట్టుకుంది. మతేయ్ చొక్కా విప్పి, వంటింటి బల్లని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతని చుట్టూ తిరుగుతూ బిగించింది.

"ఊపిరి పీల్చు."

"పీల్చాను."

"అది పీల్చడమా? పిచ్చుక నయం."

మతేయ్ నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. వారంలో ఆరు రోజులు ఉక్కు కార్ఖానాలో కొలిమి ముందు నిలబడతాడు. ఏడో రోజు ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆడతాడు. ఒహైయో నది పొడుగునా ప్రతి ఊరికీ అలా కూలిచ్చి ఆడించే జట్టు ఒకటుంది. బంతి పట్టుకుని పరిగెత్తి పేరు తెచ్చుకునేవాళ్ళు వేరు. మతేయ్ వాళ్ళ ముందు గోడలా నిలబడి, మీద పడేవాళ్ళని కాచే మనిషి. మొదటి నుంచి చివరిదాకా మైదానంలోనే ఉండాలి, మధ్యలో ఊపిరి తీసుకోనిచ్చేవాడు లేడు. ముప్పై నాలుగేళ్ళకే కుడిచేతి వేళ్ళు రెండు వంగడం మానేశాయి.

"ఇవాళ ఎవరితో ఆట?" అన్నాడు చొక్కా తొడుక్కుంటూ.

వెరోనా చేతులు ఆగిపోయాయి. "పొద్దున్నించి ఎన్నిసార్లు చెప్పాను మతేయ్?"

"ఓ, చెప్పావు కదూ." కాఫీ కప్పు అందుకున్నాడు. అది వేళ్ళలోంచి జారి నేల మీద పడి పగిలింది. వంగి ఏరబోయాడు. వంగలేక, బల్ల పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అప్పుడే మేడ మెట్లు దిగి మామగారు ఒండ్రేయ్ వచ్చాడు. కోటు, టోపీ, మెడకి మఫ్లరు. జీవితమంతా బొగ్గు పొగ మింగిన ఛాతీ ప్రతి మెట్టుకీ ఈల వేస్తోంది.

"ఇంకా తెమలలేదా అమ్మాయ్? ఆలస్యమైతే కంచె దగ్గర చోటు దొరకదు."

వెరోనా చేతిలో ఉన్న పీలికని బల్ల మీద విసిరికొట్టింది.

"కంచె దగ్గర చోటా మామయ్యా! ముందు మీ అబ్బాయి ఒంట్లో చోటుందేమో చూడండి, ఇంకో దెబ్బకి! పోయిన వారం ఇంటి దారి మరిచిపోయి వీధి చివర నిలబడ్డాడు. మీరు చప్పట్లు కొడుతున్నంతకాలం ఈయన మానడు. కొడుకు బలయ్యేదాకా చూస్తారా ఈ ఆట?"

"వెరోనా, ఊరుకో," అన్నాడు మతేయ్.

"ఊరుకోను! నాలుగేళ్ళు ఊరుకున్నాను."

ముసలాయన బల్ల అంచు పట్టుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. "నాకు ఆ ఆట అర్థమవుతుందనుకున్నావా అమ్మాయ్?" అన్నాడు నీరసంగా. "అందరూ ఒకడి మీద పడతారు, లేస్తారు, మళ్ళీ పడతారు. ఎవరు గెలిచారో జనం అరుపుని బట్టి తెలుసుకునేవాణ్ణి. ఆ చలిలో నిలబడితే రాత్రంతా దగ్గే."

"మరెందుకు వెళ్తున్నారు?"

"వీడి కోసం. వాళ్ళమ్మ పోయాక వీడు మాట్లాడ్డం మానేశాడు. ఆట నుంచి నడిచి వచ్చేటప్పుడు మాత్రం నాతో నాలుగు ముక్కలు మాట్లాడేవాడు. ఆటంటే ప్రాణమేమో అనుకున్నా. నేను రాకపోతే చిన్నబుచ్చుకుంటాడని..."

మతేయ్ తండ్రి వంక తెల్లబోయి చూశాడు.

"అమ్మ పోయాక నువ్వే కదా మంచం దిగలేదు నాన్నా? గోడవైపు తిరిగి పడుకునేవాడివి. ఒకరోజు తల తిప్పి 'ఇవాళ ఆట ఉందా?' అన్నావు. ఆ పూట లేచి సూప్ తాగావు. నేను మానేస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతావని భయపడ్డాను."

"ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగాన్రా."

వెరోనా ఏప్రను చివరతో కళ్ళు ఒత్తుకుంది. అరవడానికి దాచుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. వాటితో ఇప్పుడేం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

బయట కారు హారన్ మోగింది. మతేయ్ అలవాటుకొద్దీ బయల్దేరబోతే ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. తనే గుమ్మం దాకా వెళ్ళాడు.

"మావాడు రావట్లేదు," అన్నాడు కారులో ఉన్న జట్టు కెప్టెన్‌తో.

"పెద్దాయనా, తమాషా చెయ్యకు! మతేయ్ లేకపోతే ఆ ముందు వరస ఎవడు కాస్తాడు?"

"కార్ఖానాలో మీవెంట తిరిగే కుర్రాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో ఒకణ్ణి నిలబెట్టు."

"ఇవాళ్టికేనా?"

"ఇంకెప్పుడూ రాడు."

కారు వెళ్ళిపోయింది. తండ్రి వచ్చి ఎదురుగా కూర్చునేసరికి మతేయ్ తల బల్ల మీద ఆనించి ఉన్నాడు. సంతోషం లేదు, బాధా లేదు. ఎన్నో ఏళ్ళ అలసట ఒక్కసారిగా మీద వాలినట్టుంది. వెరోనా ఉడికించిన బంగాళాదుంప ముద్దలు, క్యాబేజీ తెచ్చి పెట్టింది. వేళ్ళు వంగని చేతిలోంచి ఫోర్కు తీసుకుని తనే ముక్కలు చేసి ఇచ్చింది. అతను కాదనలేదు.

మధ్యాహ్నం తండ్రీ కొడుకులు నది ఒడ్డు వెంట నడవడానికి వెళ్ళారు. మైదానం వైపు నుంచి జనం హోరు వినిపిస్తోంది. ఇద్దరూ అటు చూడలేదు.

నడుస్తూ మతేయ్ అన్నాడు, "అమ్మ పోయిన రోజు నేను ఊళ్ళో లేను నాన్నా. ఎక్కడో బురదలో బంతి కోసం పొర్లుతున్నాను."

"తెలుసు."

"నన్ను అడిగిందా?"

ముసలాయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అడిగింది. 'అబ్బాయి గెలిచాడా?' అంది. గెలిచాడన్నాను. నవ్వింది. ఆ తరవాత ఇంకేం అడగలేదు."

మతేయ్ నడక ఆపాడు. "ఆ రోజు మేం ఓడిపోయాం నాన్నా."

"అవునా?" ముసలాయన కొడుకు చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "పోనీలేరా. ఆవిడకి తెలియదు కదా."

మతేయ్ నడిదారిలో నిలబడి, పక్కటెముకలు నొప్పెడుతున్నా ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాడు. తండ్రి తొందరపెట్టలేదు. అతని చెయ్యి పట్టుకుని, ఏడుపు తగ్గేదాకా ఆ చలిలో అలాగే నిలబడ్డాడు.